వెనక వించ్‌కి కేబుల్ లాగుడు: క్యాంపర్ ప్రాజెక్టు డైరీ

అంతర్వేది తీర్థం అయ్యాక

వించ్ వచ్చింది, అంటే దిగబడిన బండిని తాడు చుట్టుకుంటూ లాగే మోటారు. 12 వోల్టులది. 9,500 పౌండ్లు, అంటే దాదాపు 4,300 కిలోలు లాగుతుందని పెట్టె మీద ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా డ్రమ్ము తిప్పి చూశారు, కొక్కెం చేతిలో పట్టుకుని బరువు చూశారు. అడుగున ఉన్న కేబుళ్ళ చుట్టని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఈ డైరీ అంతా ఆ కేబుళ్ళ గురించే. వించ్‌ని బిగించడం వెల్డరు ఒక పూటలో తేల్చేస్తాడు. బ్యాటరీ దగ్గర్నుంచి దాని దాకా కరెంటు తీసుకెళ్ళడం, ఆ దారిలో ఎక్కడా బండి అంటుకోకుండా చూసుకోవడం తీరిగ్గా చేయాల్సిన పని.

బండి మా బొలెరో క్యాంపర్, ఫోర్ వీల్ డ్రైవ్. సఖినేటిపల్లి మండలంలో మా రొయ్యల చెరువులకి మేత బస్తాలు, నీళ్ళకి గాలి కలిపే ఏరేటర్ మోటార్లు, అప్పుడప్పుడు డీజిల్ డ్రమ్ములు మోస్తుంది. వానలు పడితే చెరువు గట్టు మీద నల్లమట్టి ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. టైరు గాడిలో మట్టి నిండిపోయాక ఫోర్ వీల్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

వించ్ అనగానే అందరూ ముందు బంపరు మీదే ఊహించుకుంటారు. నేను వెనక పెడుతున్నాను. గట్టు వెడల్పు బండికి సరిగ్గా సరిపోతుంది, తిప్పుకునే చోటు ఉండదు. ముందుకి వెళ్తూ వెళ్తూ దిగబడతాం. బయటపడాలంటే వచ్చిన దారినే వెనక్కి రావాలి. ముందున్న వించ్ ఇంకా లోపలికి లాగుతుందే తప్ప బయటికి కాదు. ఇంకో కారణం, 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ బుల్ బార్లు, క్రాష్ గార్డులు తీయించమని రాష్ట్రాలకి రాసింది. ముందు ఇనప కమ్ములు వేసుకుని రోడ్డెక్కి చలాన్ల గొడవ పడటం నాకిష్టం లేదు. అందుకని వెనక ఛాసిస్ అడ్డదూలానికి ఒక చదరపు గొట్టం, అందులోకి దూరి పిన్నుతో లాక్ అయ్యే ఊయల లాంటి ఫ్రేము. వించ్ ఆ ఫ్రేము మీదే ఉంటుంది. పనైపోతే ఇద్దరం కలిసి తీసి షెడ్డులో పెట్టేస్తాం.

ఇక్కడే అసలు చిక్కు. వించ్‌తో ఇచ్చిన కేబుళ్ళు ఆరడుగులు. ముందు బంపరుకైతే చాలు. నా బ్యాటరీ బానెట్ కింద, వించ్ బండి తోక దగ్గర. వంపులన్నీ కలిపి టేపుతో కొలిస్తే ఒక వైపుకి ఐదు మీటర్లు. రానూ పోనూ పది.

మాఘం చివర

ఎంత లావు కేబుల్ కావాలో కాగితం మీద లెక్క వేశాను. ఈ సైజు వించ్ ఖాళీగా తిరిగితేనే 70, 80 ఆంపియర్లు తాగుతుంది. పూర్తి బరువు మీద 400 దాటుతుంది. నిజంగా బురదలో పడే బరువుకి 300 అనుకున్నాను.

కరెంటు కూడా కాలవ నీళ్ళ లాంటిదే, బోదె సన్నగా ఉంటే శివారు చేనుకి అందదు. 35 స్క్వేర్ (అంటే 35 చదరపు మిల్లీమీటర్ల మందం) రాగి కేబుల్ పది మీటర్లయితే 300 ఆంపియర్ల దగ్గర 1.66 వోల్టులు దారిలోనే పోతాయి. 50 స్క్వేర్ అయితే 1.16. 70 స్క్వేర్ అయితే 0.82. అసలు ఉన్నవే పన్నెండు వోల్టులు, లోడు పడ్డాక బ్యాటరీ దగ్గరే పదకొండు చిల్లరకి దిగుతాయి. అందులో ఒకటిన్నర పైన పోతే మోటారు మూలుగుతుంది, నెమ్మదిగా లాగుతుంది, ఎక్కువసేపు లాగుతుంది, వేడెక్కుతుంది. 70 స్క్వేర్‌కి ఖాయం చేశాను. నెగెటివ్ కూడా అంతే లావు, అదీ బ్యాటరీ దాకా.

నెగెటివ్‌ని ఛాసిస్‌కి కొట్టేస్తే సగం కేబుల్ మిగులుతుంది కదా అని బావ అన్నాడు. హారన్‌కి, లైట్లకి అది చెల్లుతుంది. మూడొందల ఆంపియర్లు ఇంజన్ మౌంటింగుల పక్కన ఉన్న సన్నటి ఎర్తు పట్టీ గుండా తిరిగి రావాలంటే రాదు. అది తుప్పు పట్టి ఉంటే కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. యాక్సిలరేటర్ తీగ, గేరు కేబుల్, ఏది దొరికితే అది. ఆ సన్నటి తీగలు ఎర్రగా కాలిపోయిన బళ్ళు మెకానిక్కులందరూ చూసే ఉంటారు.

కేబుల్ కొనడానికి గోదావరి దాటించే పంటు ఎక్కి నరసాపురం వెళ్ళాను. వెల్డింగ్ సామాన్ల కొట్టులో దొరుకుతుంది. వెల్డింగ్ కేబుల్ మన పనికి బాగుంటుంది. లోపల వెంట్రుకల్లాంటి సన్నటి తీగలు, అందుకే ఎలా వంచితే అలా వంగుతుంది, అదుర్లకి విరగదు. పై తొడుగు మాత్రం వేడికి, నూనెకి, మంటకి తట్టుకునే రబ్బరుదై ఉండాలి. మామూలు పీవీసీ తొడుగు ఇంజన్ దగ్గర కొన్నాళ్ళకే పెళుసెక్కుతుంది.

ఒక జాగ్రత్త. వెల్డింగ్ కేబుళ్ళలో అల్యూమినియంవి కూడా బాగా అమ్ముడుపోతాయి. అల్యూమినియం మీద రాగి పూత వేసినవీ ఉన్నాయి, పైకి చూస్తే అచ్చం రాగే. కొనేముందు ఒక పోగు తీసి బ్లేడుతో అడ్డంగా కోసి, కోసిన మొహం చూడాలి. లోపల తెల్లగా మెరిస్తే అది మనకి వద్దు. తగరం పూత వేసిన అసలు రాగి దీనికి తలకిందులు, పైన తెలుపు, లోపల ఎరుపు. ఉప్పుగాలికి అదే మంచిది, కానీ నాకు ఆ కొట్టులో దొరకలేదు.

ఇంకో పరీక్ష తూకం. 70 అని అచ్చు వేసి 50 ఇచ్చే సరుకూ ఉంటుంది. అర మీటరు ముక్క తొడుగు ఒలిచి ఒట్టి రాగిని చెరువు దగ్గర శాంపిల్ రొయ్యలు తూచే కాటా మీద పెట్టాను. నిజంగా 70 స్క్వేర్ అయితే అర మీటరుకి 310 గ్రాములకి అటూ ఇటూ రావాలి. 300 దాటింది. అల్యూమినియం అయితే వంద గ్రాములు కూడా ఉండదు. కొట్టువాడికి ఈ తూకం సంగతి చెబితే నవ్వాడు గానీ, కాటా మాత్రం అబద్ధం చెప్పదని ఒప్పుకున్నాడు.

శివరాత్రి దాటింది

లగ్గులు, అంటే కేబుల్ కొసకి తొడిగి బోల్టుకి బిగించే రాగి తొడుగులు, వేయించాను. ఈ ఊళ్ళో దీనికి మనిషిని వెతుక్కోనక్కర్లేదు. ఏరేటర్లు, పంపులు చూసే ఎలక్ట్రీషియన్ల దగ్గర హైడ్రాలిక్ క్రింపింగ్ మిషను ఉంటుంది. సైజుకొక డై, నొక్కితే లగ్గు ఆరు పలకలుగా దిగిపోతుంది.

మా ఎలక్ట్రీషియన్ మొదట టంకం పోద్దామన్నాడు. వద్దన్నాను. కాగిన సీసం సన్నటి పోగుల మధ్యకి పాకి, లగ్గు దాటి అంగుళం లోపల దాకా తీగని కడ్డీలా చేస్తుంది. మెత్తని కేబుల్, గట్టి కడ్డీ కలిసిన చోట బండి అదుర్లకి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. పైన తొడుగు బాగానే ఉంటుంది కాబట్టి కనపడదు.

"సుత్తితో కొట్టేవోళ్ళు కూడా ఉన్నారండి బాబుగారూ, ఆయ్," అంటూ తగరం పూత ఉన్న రాగి లగ్గులు తీశాడు. నాలుగు కొసలకీ పోగులు చెదరకుండా చివర దాకా తోసి, రెండేసి చోట్ల నొక్కాడు. నొక్కాక కేబుల్‌ని కాలితో తొక్కిపట్టి లగ్గుని రెండు చేతులా లాగి చూశాం, కదల్లేదు. ఆపైన లోపల జిగురున్న హీట్ ష్రింక్ తొడుగు. హాట్ గన్‌తో వేడి చేస్తుంటే తొడుగు ముడుచుకుని, అంచు దగ్గర జిగురు సన్నటి ఉంగరంలా చుట్టూ బయటికి రావాలి. రాకపోతే నీళ్ళు లోపలికి దారి ఉన్నట్టే. ఒకచోట సగమే వచ్చింది, కోసేసి మళ్ళీ వేశాడు.

వెనక ప్లగ్గు ఆండర్సన్ రకం, 350 ఆంపియర్లది, బ్యాటరీ ఫోర్క్‌లిఫ్టులకి ఛార్జింగుకి వాడేది. దాని పిన్నులో 70 స్క్వేర్ బిగుతుగా దిగింది. ఈ ప్లగ్గుల్లో మగ, ఆడ అని ఉండదు, రెండూ ఒకటే, ఒకే రంగు వాటికే జత కుదురుతుంది. బూడిద రంగు తీసుకున్నాను. పక్క చెరువు వాళ్ళ ట్రాక్టర్ బ్యాటరీ దిగిపోతే జంపర్ పెట్టుకోవడానికి ఇంకో ప్లగ్గు కూడా అదే రంగులో కొనిపించాడు బావ. వించ్ కన్నా ఆ జంపరే ఎక్కువ వాడతామని నా అనుమానం.

ఉగాది ముందు

ఛాసిస్ కింద పడుకుని దారి చూడటం మొదలుపెట్టాను. కేబుల్ వేయకుండా ముందు ఒక కొబ్బరి తాడు కట్టి చూశాను. ఎక్కడ ఒరుస్తుందో, ఎక్కడ వేలాడుతుందో తాడే చెప్పేస్తుంది, కొలత కూడా దాంతోనే తేలుతుంది.

ఒక వైపు సైలెన్సర్ పైపు, రెండో వైపు డీజిల్ పైపులు, బ్రేకు పైపు. ఏ వైపు? నేను డీజిల్ వైపే ఎంచుకున్నాను. సైలెన్సర్ వేడి బండి నడిచినంతసేపూ ఉండేది, తొడుగుని నెమ్మదిగా తినేస్తుంది. డీజిల్ పైపు పక్కన కేబుల్ ప్రమాదమయ్యేది తొడుగు చిరిగి, అందులో కరెంటు ఉన్నప్పుడు మాత్రమే. ఆ రెండోది నా చేతిలో ఉంది, దాని సంగతి కింద రాస్తాను. అయినా రెంటినీ కలిపి కట్టలేదు. ఛాసిస్ దూలం లోపలి మొహం మీద పైభాగంలో కేబుళ్ళు, కింది భాగంలో పైపులు, మధ్యలో నాలుగు వేళ్ళ సందు, దేని క్లాంపు దానికే. బ్రేకు పైపుకి జిప్ టై వేసి దాని మీద ఇంకేదో వేలాడదీయడం మన మెకానిక్కుల్లో చాలామందికి అలవాటు. ఇంత బరువైన కేబుల్‌ని అలా కడితే ఏదో ఒకరోజు బ్రేకు పైపే అరుగుతుంది. పది మీటర్లలో ఉన్న రాగే ఆరు కిలోల పైన.

దూలానికి కొత్త బెజ్జాలు వేయలేదు. పై అంచు, కింది అంచుల మీద అసలు వేయకూడదు, బరువు మోసేది అవే. కంపెనీ వదిలిన బెజ్జాలు చాలా ఉన్నాయి, వాటికే స్టెయిన్‌లెస్ పట్టీలు బిగించాను, లోపల పాత లారీ ట్యూబు రబ్బరు. అడుగుకొకటి. పట్టీలో కేబుల్ బిగుతుగా ఉండాలి, నలగకూడదు.

బెజ్జం గుండా కేబుల్ దూరాల్సిన చోట్లు రెండు వచ్చాయి. వాటి అంచుల మీద వేలు పెట్టి తిప్పితే చర్మం గీరుకుంది. రబ్బరు తొడుగు కూడా అంతే. ఆకురాయితో అంచు గుండ్రం చేసి, రెడ్ ఆక్సైడ్ పూసి, ఆరాక బెజ్జం అంచుకి తొడిగే రబ్బరు ఉంగరం, గ్రోమెట్ వేశాను. గ్రోమెట్ ఊడినా కేబుల్‌కి పదును తగలకూడదు, అందుకే ముందు ఆకురాయి.

బ్యాటరీ ఉన్న బాడీ, దూలం రెండూ ఒకటిగా కదలవు. బాడీ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది. అందుకని అక్కడ బెత్తెడు వదులు వదిలాను. వెనక ఆక్సిల్ పైకి లేచినప్పుడు ఎంత దాకా వస్తుందో తెలియడానికి జాకీతో ఒక చక్రం లేపి, బంపు రబ్బరు దాకా వెళ్ళనిచ్చి చూశాం. తాడు వేసినప్పుడు బాగానే ఉందనుకున్న చోట కేబుల్ లావుకి ఆక్సిల్ గొట్టం తగిలేట్టుంది. ఆ వంపుని రెండంగుళాలు పైకి జరిపాను.

వెనక ప్లగ్గుకి నేరుగా కేబుల్ తేలేదు. కొంచెం కిందికి దించి, మళ్ళీ పైకి ఎక్కించి ప్లగ్గులోకి. కేబుల్ వెంట జారొచ్చే నీళ్ళు ఆ వంపు అడుగునే రాలిపోతాయి. ప్లగ్గు మొహం కూడా కొద్దిగా నేల చూసేట్టు వంచాను.

తొడుగు పైన తొడుగు

దీని మీద అందరితోనూ వాదన అయింది కాబట్టి విడిగా రాస్తున్నాను.

కేబుల్ పొడుగునా ముడతల ప్లాస్టిక్ పైపు తొడిగితే అందంగా ఉంటుంది, కొత్త బండిలా కనపడుతుంది. మా ట్రాక్టర్ ట్రక్కుకి ఇండికేటర్ వైర్ల మీద అలాంటిదే ఉంది. దాన్ని చీల్చి చూశాను. లోపల ముడత ముడతకీ ఒండ్రు గట్టిపడి ఉంది, గోరుతో గీకితే పొరలుగా ఊడింది. దాని కింద వైరు తొడుగు పగిలి, రాగి ఉండాల్సిన చోట పచ్చటి చిలుము. ముట్టుకుంటే పొడి అయ్యింది. ఆ పైపు బురదని ఆపలేదు, లోపల దాచిపెట్టింది. మన చెరువుల నీళ్ళు ఉప్పన. అవి ఇగిరిపోతే ఉప్పు మిగులుతుంది, మంచు పడితే ఆ ఉప్పు మళ్ళీ తడుస్తుంది.

రాళ్ళ దారుల్లో బండి నడిపేవాళ్ళకి ఆ పైపు అవసరమేమో, రాయి ఎగిరి తగులుతుంది. ఇక్కడ రాయి ఎక్కడుంది? ఇక్కడ శత్రువులు ఉప్పునీళ్ళు, ఒండ్రు, ఎలుకలు. కొబ్బరి డొక్కల పక్కన షెడ్డులో రాత్రంతా నిలబడే బండి కింద పందికొక్కులు తిరుగుతాయి. వాటికి ఎంత మందమైన తొడుగైనా ఒకటే.

అందుకని ఒరుసుకునే అవకాశం ఉన్న చోట్ల మాత్రమే మందమైన రబ్బరు హోస్ ముక్కలు చీల్చి తొడిగాను, రెండు కొసలూ తెరిచే ఉంచాను. నీళ్ళు వస్తాయి, పోతాయి. మిగతా చోట్ల కేబుల్ కంటికి కనపడుతుంది, పంపు పెట్టి కడిగితే శుభ్రమవుతుంది, చేత్తో తడిమి చూడొచ్చు. పాజిటివ్‌కి ప్రతి క్లాంపు పక్కన ఎర్ర టేపు చుట్టాను, ఎవరు కింద దూరినా ఏది ఏదో తెలియాలి.

కాలవలు కట్టేశారు

ఇప్పుడు పైన దాటేసిన సంగతి.

వించ్ నెలలో పది నిమిషాలు తిరిగితే గొప్ప. కేబుల్ మాత్రం ఇరవై నాలుగు గంటలూ బండి కిందే ఉంటుంది. వించ్ కట్టిన బళ్ళు చాలావాటిలో బ్యాటరీ పాజిటివ్ నుంచి ఆ కేబుల్ నేరుగా వెళ్ళిపోతుంది, మధ్యలో ఫ్యూజు లేదు, స్విచ్ లేదు. చాలా వించ్ కంపెనీలు ఫ్యూజు ఇవ్వవు కూడా. హెడ్‌లైటు వైరు తెగితే చిన్న ఫ్యూజు పోతుంది. ఈ కేబుల్ ఇనుముకి తగిలితే బ్యాటరీలో ఉన్నదంతా ఒక్కసారి దిగుతుంది. కారు బ్యాటరీ నేరుగా షార్టయితే వెయ్యి ఆంపియర్లు దాటడం పెద్ద విషయం కాదు. అదే తీగతో వెల్డింగ్ చేస్తారు మరి.

చిలుముకి కూడా ఇదే మూలం. పాజిటివ్ కరెంటు నిలిచి ఉన్న లగ్గు మీద ఉప్పు తడి చేరితే రాగి కరిగిపోతుంది. కరెంటు లేని లగ్గు మీద అదే తడి చేరినా చాలా నెమ్మదిగా పాడవుతుంది. కాబట్టి కేబుల్‌కి నేను చేయగల పెద్ద రక్షణ, వాడనప్పుడు అందులో కరెంటు లేకుండా చేయడం. తొడుగులూ క్లాంపులూ దాని తర్వాతే.

బ్యాటరీకి జానెడు దూరంలో ఒక ఐసొలేటర్ స్విచ్, చేత్తో తిప్పేది, తాళం తీసేయగలిగేది. దానికి ముందే 400 ఆంపియర్ల ఫ్యూజు. బ్యాటరీ నుంచి స్విచ్ దాకా ఉన్న జానెడు ముక్క ఒక్కటే ఎప్పుడూ కరెంటుతో ఉంటుంది, దానికి రెట్టింపు హోస్ వేశాను.

ఫ్యూజు పెట్టొద్దనేవాళ్ళు ఉన్నారు. లాగుతుండగా మధ్యలో పోతే బండి కొండ మీద వేలాడుతుందని వాళ్ళ భయం. ఆ మాట కొండ దారులకి సరే. కోనసీమలో కొండ ఎక్కడిది? ఫ్యూజు పోతే బండి ఉన్నచోటే బురదలో ఉంటుంది, అంతే. పైగా ఈ రకం ఫ్యూజు రేటింగు కొంచెం దాటగానే పోదు, కొన్ని సెకన్ల దూకుడుని ఓర్చుకుంటుంది. డీజిల్ పైపు పక్కన ఐదు మీటర్ల కేబుల్ పెట్టుకుని ఫ్యూజు లేకుండా నాకు నిద్ర పట్టదు. స్పేర్ ఫ్యూజు ఒకటి డ్యాష్‌బోర్డు అరలో ఉంది.

వించ్ మోటారు స్టడ్లకి, అంటే బయటికి పొడుచుకొచ్చిన మరలకి, వైర్లు బిగించేటప్పుడు ఒక్క మాట. పై నట్టు తిప్పుతుంటే స్టడ్ కూడా తిరిగిపోతుంది. తిరిగితే లోపల కాయిల్ కొస తెగుతుంది, మోటారు విప్పాల్సిందే. కింది నట్టుని ఇంకో స్పానరుతో పట్టుకుని పైది బిగించాలి. బిగించాక వాజలిన్ పూసి రబ్బరు టోపీలు. మోటారుకి కరెంటు కలిపి తీసే రిలేల పెట్టె అడుగున కంపెనీ వదిలిన చిన్న బెజ్జాన్ని సిలికాన్‌తో మూసేద్దామని వెల్డరు అన్నాడు. మూయనివ్వలేదు, లోపలికి చేరిన తడి పోయే దారి అదొక్కటే.

రోహిణి కార్తె, ఎండ మండిపోతోంది

పరీక్ష. ఎండిన కాలవలో అడుగున ఇంకా బురద ఉన్న చోట ట్రాక్టర్ ట్రక్కుని ఇసుకతో దింపి, క్యాంపర్‌ని గట్టు మీద ముందు వైపు కొబ్బరి చెట్టుకి వెడల్పు బెల్టుతో మొదట్లో కట్టాం. పిల్లల్ని, చూడవచ్చిన పెద్దల్ని తాడు పొడవుకి అవతల నిలబెట్టాం. ఇంజను నడుస్తూ, కొంచెం రేసు మీద.

ఎలక్ట్రీషియన్ కరెంటు కొలిచే తన క్లాంపు మీటరు కేబుల్ చుట్టూ తగిలించాడు. వించ్ లాగుతోంది, ట్రక్కు కదులుతోంది, మీటరు సున్నా చూపిస్తోంది.

"ఇది ఏసీ అయితేనే పలుకుద్దండి, డీసీకి పలకదండి."

చెరువుల పనికి కొన్న మీటర్లు చాలావరకు అంతే. డీసీ క్లాంపు మీటరు లేకపోయినా ఒక ఉపాయం ఉంది. నెగెటివ్ కేబుల్‌నే కొలబద్దగా వాడుకోవచ్చు. 70 స్క్వేర్ కేబుల్ నిరోధం మీటరుకి 0.272 మిల్లీఓమ్, ఐదు మీటర్లకి 1.36. ఆ కేబుల్ ఈ కొస లగ్గు మీద ఒక ప్రోబు, ఆ కొస లగ్గు మీద ఇంకోటి, మామూలు మల్టీమీటరు డీసీ వోల్టుల మీద. 0.34 వోల్టులు చూపించింది. 0.34ని 0.00136తో భాగిస్తే 250 ఆంపియర్లు. ఎలక్ట్రీషియన్ ఫోన్లో క్యాలిక్యులేటర్ తీసి రెండుసార్లు కొట్టి చూసుకున్నాడు.

అయితే పాజిటివ్ వైపు కూడా అంతే పొడుగు, అంతే లావు. ఫ్యూజు, స్విచ్, ప్లగ్గు కలుపుకుని అర వోల్టు దగ్గర రావాలి. బ్యాటరీ పోస్టు నుంచి వించ్ వైపు లగ్గు దాకా పెడితే 0.78. ఎక్కడో పోతోంది. వించ్ ఆపి వెంటనే చేత్తో తడిమాను. లగ్గులన్నీ గోరువెచ్చగా కూడా లేవు. ప్లగ్గు చల్లగా ఉంది. ఐసొలేటర్ మాత్రం చెయ్యి పెట్టనివ్వలేదు. మళ్ళీ లాగిస్తూ దాని రెండు స్టడ్ల మధ్య కొలిస్తే ఒక్కదాని మీదే 0.29 వోల్టులు. 250 ఆంపియర్ల దగ్గర అంటే 70 వాట్ల పైచిలుకు వేడి, అంత చిన్న ప్లాస్టిక్ డబ్బాలో. దాని మీద 300 ఆంపియర్లు అని బొద్దుగా అచ్చు వేసి ఉంది.

విప్పి చూస్తే లోపల రాగి బిళ్ళ కాదు, ఇనుము మీద రాగి పూత. అయస్కాంతం అతుక్కుంది.

బరువైన ఇత్తడి స్టడ్లు ఉన్నది, లారీలకి వాడే రకం, భీమవరంలో దొరికింది. అయస్కాంతం జేబులో పెట్టుకునే వెళ్ళాను. అది బిగించాక మళ్ళీ అదే ట్రక్కు, అదే బురద. స్విచ్ మీద 0.04. పాజిటివ్ వైపు మొత్తం 0.52. మోటారు శబ్దం కూడా మారింది, మూలుగు తగ్గి ఒకే స్వరంతో తిరిగింది. ఆ తర్వాత ఒక కప్పీ వేసి తాడు రెట్టించి లాగాం. బరువు సగమై కరెంటు బాగా తగ్గింది, ట్రక్కు మాత్రం సగం వేగంతో వచ్చింది. గట్టు మీద తొందరేముంది కనుక, వీలైనప్పుడల్లా ఇలాగే లాగుదామని అనుకున్నాం. నిమిషం లాగి ఆగడం, బ్యాటరీ కోలుకోనివ్వడం. ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు ఇచ్చేది మోటారు తాగేదాంట్లో చిన్న వంతు, మిగతాదంతా బ్యాటరీలోంచే.

తొలకరి

కాలవలకి నీళ్ళు వదిలారు. మొదటి వానకే తూర్పు గట్టు మీద మేత బస్తాలతో వెనక చక్రాలు దిగబడ్డాయి. వెనక్కి యాభై అడుగుల్లో పంపు షెడ్డు పక్కన కొబ్బరి చెట్టు ఉంది. ఫ్రేము దూర్చి, ప్లగ్గు పెట్టి, అన్నిటికన్నా చివర ఐసొలేటర్ తిప్పాం. విప్పేటప్పుడు దీనికి తలకిందులు, ముందు స్విచ్, తర్వాత ప్లగ్గు. కరెంటు ఉండగా ప్లగ్గు పీకితే పిన్నుల మీద నిప్పురవ్వ లేచి మచ్చ పడుతుంది. ఈ వరస కుర్రాళ్ళకి గుర్తుండేలా బానెట్ లోపల పెయింటుతో రాశాను. బండి టెన్షన్ లేకుండా బయటికొచ్చింది.

సాయంత్రం బండి కింద కడిగి చూస్తే ప్లగ్గు వంపు దగ్గర నీళ్ళు అనుకున్నట్టే కిందికి రాలాయి. వెనక చక్రం పక్కన ఒక హోస్ ముక్క జరిగి రెండు వేళ్ళ మేర కేబుల్ బయటపడింది. దానికి రెండు వైపులా పట్టీ వేయాలి. ప్లగ్గు రబ్బరు మూత పలచగా ఉంది, అంచు అప్పుడే సాగింది, మందమైనది వెతకాలి.

ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులు దాటి మొదటి హెచ్చరిక ఇచ్చేసరికి ఈ రెండూ అయిపోవాలి. ఆ తర్వాత లంకల కాజ్‌వేలు మునుగుతాయి, బండి కింద పడుకునే పొడి నేల మా షెడ్డులో కూడా ఉండదు. వరద తీశాక మొత్తం కేబుల్ ఒకసారి విప్పి ప్రతి లగ్గునీ చూస్తాను. చిలుము ఎక్కడ మొదలైందో, జిగురు తొడుగు ఎక్కడ వదిలిందో అప్పుడు ఇక్కడే రాస్తాను. ముందు వైపు కూడా ఒక ప్లగ్గు పెట్టమని బావ పోరు పెడుతున్నాడు. దానికి 70 స్క్వేర్‌లోనే మిగిలిన ముక్క చాలు. ఐసొలేటర్ రెండో స్టడ్ నుంచే తీసుకుంటే అదీ అదే ఫ్యూజు, అదే తాళం కిందకి వస్తుంది.